ఒకే సెట్టింగు, అయిదు షాట్లు, రెండు రకాల డోసు: ఎక్స్‌రే హెడ్ మార్చాల్సిందేనా?

దిల్‌సుఖ్‌నగర్ పళ్ల డాక్టర్:
నాది ఒక్క కుర్చీ క్లినిక్. గోడకు బిగించిన పన్నెండేళ్ల ఎక్స్‌రే మెషిన్, 70 కేవీ (ట్యూబు ఓల్టేజీ), 8 ఎంఏ (ట్యూబు కరెంటు), పాత ఏసీ కరెంటు రకం. మొన్న క్యూఏకి, అంటే మెషిన్ నాణ్యత పరీక్షకి, వచ్చినబ్బాయి 0.2 సెకన్ల మీద పెట్టి, మీటరు కదపకుండా అయిదుసార్లు కొట్టాడు. డోసు మిల్లీగ్రేలలో వచ్చినవి: 1.50, 1.48, 1.22, 1.46, 1.24. సీఓవీ (షాట్‌కీ షాట్‌కీ డోసు ఎంత చెదిరిందో చెప్పే అంకె) 0.10 అట, 0.05 దాటకూడదు. ఫెయిల్. సర్వీసు వాళ్లేమో హెడ్ (ట్యూబు ఉండే భాగం) మార్చాలి, 50 వేలు అంటున్నారు. ఇమేజ్‌లు చూస్తే నాకు పెద్దగా తేడా తెలీలేదు మరి.

బయోమెడికల్ రిపేర్లు:
ఆగండి మేడమ్. ఆ అంకెలు ఇష్టమొచ్చినట్టు చెదరలేదు చూడండి. మూడు ఒక జట్టు, రెండు ఒక జట్టు. ఏదో మధ్యలో వచ్చిపోతోంది. మీ కుర్చీకి గాలిచ్చే కంప్రెసర్ ఏ కరెంటు లైను మీద ఉంది?

కూకట్‌పల్లి డెంటల్:
మా దగ్గర కూడా గిదే కథ అయింది. ఇమేజ్‌ల ఎట్ల కనబడ్తది డాక్టర్ గారూ, ఆర్‌వీజీ (ఫిల్ము బదులు వాడే డిజిటల్ సెన్సర్) సాఫ్ట్‌వేరే తెలుపూ నలుపూ సర్దేస్తది. మరీ తగ్గితే గరుకుగ వస్తది, అంతే. ఫిల్ము రోజులల్ల అయితే డెవలపర్ పాతదని తిట్టేటోళ్లం.

దిల్‌సుఖ్‌నగర్ పళ్ల డాక్టర్:
కంప్రెసర్, గది చల్లబరిచే ఏసీ, ఎక్స్‌రే అన్నీ ఒకే లైను. కానీ సర్వో స్టెబిలైజర్ ఉందండీ!

బయోమెడికల్ రిపేర్లు:
సర్వోలో మోటారు తిరిగి బ్రష్షు జరగాలి. 0.2 సెకన్లంటే మన 50 సైకిళ్ల కరెంటులో పది సైకిళ్లే. అది కదిలేలోపు మీ షాట్ అయిపోతుంది. కంప్రెసర్ మోటారు స్టార్టయిన క్షణంలో ఓల్టేజీ కూలుతుంది, పాత మెషిన్లో దాంతోపాటే కేవీ పడుతుంది. కేవీ పది శాతం పడితే డోసు దాదాపు ఇరవై శాతం పడుతుంది. కొత్త డీసీ మెషిన్లయితే లోపలే సర్దుకుంటాయి. కంప్రెసర్ ఆపేసి మళ్లీ అయిదు షాట్లు కొట్టించండి, షాట్‌కీ షాట్‌కీ మధ్య ట్యూబు చల్లారనివ్వండి.

దిల్‌సుఖ్‌నగర్ పళ్ల డాక్టర్:
ఆపించి చూస్తే నిలకడగానే వచ్చింది. మీటరు బోర్డు నుంచి ఎక్స్‌రేకి విడిగా లైను లాగించాను. ఇవాళ కంప్రెసర్ నడుస్తుండగానే కొట్టించా: 1.49, 1.47, 1.50, 1.48, 1.46. సీఓవీ 0.01. అప్పుడప్పుడు ఇమేజ్ గరుకుగా వస్తే, సెన్సర్ సరిగ్గా పట్టలేదని మా అసిస్టెంటమ్మాయి మీద ఎన్ని రీటేక్‌లకు అరిచానో! దానికి సారీ చెప్పి బిర్యానీ తెప్పించా. క్యూఏ అబ్బాయి మాత్రం రెండోసారి ఫీజు పూర్తిగా తీసుకునే వెళ్లాడు.