అప్‌డేట్: కుళ్లిపోతున్న కలబంద బతికింది

జూన్‌లో ఇక్కడ మిమ్మల్ని అడిగాను, గుర్తుందో లేదో. మా బాల్కనీలో కలబంద ఆకులు మెత్తబడి, మొదలు దగ్గర గోధుమ రంగుకి తిరిగి ఒక్కొక్కటే వాలిపోతున్నాయని. రోజూ నీళ్లు పోస్తున్నానని చెబితే, వెంటనే ఆపి, మొక్కను పీకి వేర్లు చూడమన్నారు.

పీకి చూస్తే గుండె జారిపోయింది. మట్టి ముద్దలా ఉంది, ముక్కిన వాసన. నల్లగా మారిన వేర్లు వేలితో పట్టుకుంటే పైతొక్క జారిపోయి లోపల దారంలాంటిది మిగిలింది. కుండీ అడుగున చూస్తే ఉన్న ఒక్క చిల్లూ మట్టితో పూడుకుపోయి ఉంది. అసలు కారణం అదీ, నా నీళ్లూ రెండూ.

కుళ్లిన వేర్లన్నీ కత్తిరించేసి, మొక్కను 4 రోజులు నీడలో ఆరబెట్టాను. చచ్చిపోతుందేమోనని ఒకటే టెన్షన్. కానీ కోసిన చోట ఎండి పొర కట్టాకే నాటాలని మీరు చెప్పిన మాట మీదే ఉన్నాను. తర్వాత మట్టి కుండీలో సగం ఎర్రమట్టి, సగం ముతక ఇసుక కలిపి నాటి, వారం దాకా చుక్క నీళ్లు పోయలేదు.

ఇప్పుడు వేలు రెండు కణుపుల లోతు దించి, పొడిగా తగిలితేనే పోస్తున్నాను. ఈ వానల్లో అయితే 20 రోజులకోసారి కూడా అవసరం పడట్లేదు. జల్లు తగలకుండా గోడవైపు జరిపాను. పాత ఆకులు మూడు పోయాయి, మిగతావి గట్టిపడ్డాయి. నిన్న పొద్దున చూస్తే పక్కన చిటికెన వేలంత పిలక, ఒళ్లంతా తెల్ల చుక్కలతో! దాన్ని ఎంత పెరిగాక వేరు చేయాలో చెప్పండి. మా అమ్మకి ఇవ్వాలని ఉంది.