సమస్యాపూరణం: పువ్వునకుఁ జెవుల్

ఈ వారం సమస్య, తేటగీతిలో:

పువ్వునకుఁ జెవుల్ మొలచెను పుడమిలోన

పువ్వుకు చెవులేమిటని కంగారు పడకండి. బొరాజినేసి అనే మొక్కల కుటుంబంలో ట్రైకోడెస్మా ఇండికం ఉంది, అదే గువ్వగుత్తి. దాని దగ్గరి చుట్టం ట్రైకోడెస్మా జైలానికం. రెండూ లేత నీలం పూలే పూస్తాయి, రెండింటి పూలూ తల వంచుకునే ఉంటాయి. గువ్వగుత్తికి సంస్కృతంలో అధఃపుష్పి అనే పేరు వచ్చింది అందుకే. ఈ రెండింటి తేడా మీ పద్యంలో పలకాలి.

మొదటి పూరణ

గువ్వగుత్తికి రక్షక కోశమందు
మొదట నొక్కొక్క రేకుకు మొనలు రెండు
వేలఁ దడవినఁ దెలిసెను విషయ మిపుడు
పువ్వునకుఁ జెవుల్ మొలచెను పుడమిలోన

నా మాట: తమ్ముడూ, పువ్వును వెనక్కి తిప్పి చూశావు, అక్కడే పని సగం అయిపోయింది. చెవులున్నది నీలి రేకులకు కాదు, వాటిని పట్టి ఉంచే ఆకుపచ్చ రక్షకపత్రాలకు. కాయ కట్టాక ఆ పత్రాలు ఇంకా పెరుగుతాయి, అప్పుడు చెవులు మరింత బాగా కనిపిస్తాయి. యతులన్నీ కుదిరాయి. కానీ రెండో మొక్క ఊసే లేదు!

రెండో పూరణ

నీలి రంగుతో నవి రెండు నేలఁ జూచు
నక్కకుం జెవుల్, చెల్లికి నవియె లేవు
పోలికల చిక్కు విడఁదీయఁ బూనినట్లు
పువ్వునకుఁ జెవుల్ మొలచెను పుడమిలోన

నా మాట: అమ్మా, రెండో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. జైలానికం రక్షకపత్రాల మొదలు నున్నగా ముగుస్తుంది, చెవులుండవు. ఆ సంగతంతా ఒక్క పాదంలో చెప్పేశారు. పైగా గువ్వగుత్తిని అక్క అనడం ఎంత బాగా కుదిరిందో! వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దాన్ని 1753లోనే బొరాగో ఇండికా అన్నాడు, చెల్లెలికి శాస్త్రనామం 1768లో గానీ రాలేదు. మరో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ 1810లో ట్రైకోడెస్మా అనే ప్రజాతిని, అంటే దగ్గరి చుట్టాల గుంపును, ఏర్పరిచాక ఇద్దరూ ఆ ఇంటికి చేరారు. గ్రీకులో ఆ మాటకు వెంట్రుకల కట్టు అని అర్థం. పువ్వు మధ్యలో పుప్పొడి ఉండే పరాగకోశాలు సన్నని నూగుతో ఒకదానికొకటి అంటుకుని శంకువులా నిలబడతాయి, వాటి కొసలు మెలితిరిగి ఉంటాయి. లెన్సు పెట్టి చూడాల్సిన అందం అది.

మూడో పూరణ

ఆకు కాడను చెవిలాగ హత్తుకొనఁగ
పూవు తానును నేర్చెనో పొరుగుఁ జూచి
రోమములతోడ గరుకైన మేనిపైన
పువ్వునకుఁ జెవుల్ మొలచెను పుడమిలోన

నా మాట: ఆకును చూసి పువ్వు నేర్చుకుందన్న ఊహ నాకెంతో నచ్చింది. నిజంగానే గువ్వగుత్తి ఆకు మొదలు రెండు చెవులై కాండాన్ని పట్టుకుంటుంది. అయితే ఆ ఆకుకు కాడే ఉండదు, అందుకే మొదటి పాదంలో కాడ అనకూడదు. ఆ–హ యతి చెల్లుతుంది, భయం లేదు. మూడో పాదంలో రో–మే యతి చెల్లదు. ఇలా మారిస్తే?

ఆకు కాండముఁ జెవులతో హత్తుకొనఁగ
పూవు తానును నేర్చెనో పొరుగుఁ జూచి
గరుకు నూఁగుతో నిండిన కాయమందు
పువ్వునకుఁ జెవుల్ మొలచెను పుడమిలోన

మూడో పూరణ పంపినవారి జవాబు: ధన్యవాదాలు గురువుగారూ, సవరణ శిరోధార్యం. యతి దగ్గర నాకెప్పుడూ టెన్షనే. ఒక్క సందేహం. మొక్క పూత మీద లేకపోతే ఏది అక్కో ఏది చెల్లెలో ఎలా పోల్చుకోవడం?

నా మాట: మీ మొదటి పాదమే జవాబు. ఆకు మొదలు చూడండి. చెవులతో కాండాన్ని కౌగిలించుకుంటే గువ్వగుత్తి, సన్నబడుతూ వచ్చి కాండాన్ని తాకితే జైలానికం.