నేరెళ్ల వేణుమాధవ్ గారిని చూసినవాళ్లు, విన్నవాళ్లు ఉన్నారా? ఒక్కో జ్ఞాపకం చెప్పండి

మట్టెవాడ_మనవడు:
నేను ఒక సర్కారు బడిలో సోషల్ చెప్తాను. డిసెంబర్ 28 నేరెళ్ల వేణుమాధవ్ గారి పుట్టినరోజు కదా, మిమిక్రీ దినోత్సవం. ఆ రోజు ప్రేయర్‌లో ఐదు నిమిషాలు మాట్లాడమని మా హెడ్మాస్టర్ నన్ను ఇరికించారు. 1932లో వరంగల్ మట్టెవాడలో పుట్టారు, 2001లో పద్మశ్రీ వచ్చింది, 2018 జూన్ 19న పోయారు... ఇలా చదివితే రెండో వాక్యానికే పిల్లలు ఆవలిస్తారు. వాళ్లకి మిమిక్రీ అంటే ఫోన్‌లో ముప్పై సెకన్ల వీడియో. మీరెవరైనా ఆయన్ని స్టేజీ మీద చూసి ఉంటే, చిన్న సంగతైనా సరే, రాయండి. ఒకప్పుడు ఆయన కూడా మనలాగే బడిపంతులు. నాకు ఆ కోణం పట్టుకోవాలని ఉంది.

సర్వపిండి:
నాకప్పుడు తొమ్మిదేళ్లు ఉంటాయేమో. హనుమకొండలో ప్రోగ్రాం. మా నానమ్మని కూడా తీసుకెళ్లాం, ఇంట్లో ఒక్కతినీ వదిలి రాలేక. ఆయన టెన్ కమాండ్‌మెంట్స్ ఐటమ్ మొదలుపెట్టారు. మా నానమ్మ జన్మలో ఇంగ్లీష్ సినిమా చూడలేదు, ఒక్క ముక్క అర్థం కాదు. వెనక సంగీతం, ఆ మీద గంభీరమైన గొంతు, గుర్రాలు, జనం గోల, సముద్రం హోరు, అన్నీ ఒక్క మనిషి నోట్లోంచే. నానమ్మ కాసేపు చూసి నా చెయ్యి గిల్లి, "తెర ఎనక ఎంతమంది ఉన్నర్రా?" అంది. ఒక్కడే అని చెప్తే నమ్మలేదు. ప్రోగ్రాం అయ్యాక జనం వెళ్లిపోతుంటే స్టేజీ పక్కకి వెళ్లి తొంగి చూసొచ్చింది. వెనక కుర్చీలు తప్ప ఏం లేవు. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. తర్వాత పదేళ్లపాటు మా ఇంటికి ఎవరొచ్చినా ఈ కథ చెప్పేది, చెప్పినప్పుడల్లా గుర్రాల సంఖ్య పెరిగేది.

గోదారి_గట్టు:
ఆయన ఎమ్మెల్యేగా కూడా చేశారనుకుంటా, అది కూడా చెప్పండి పిల్లలకి.

రేడియో_పిచ్చోడు:
ఎమ్మెల్యే కాదండీ, ఎమ్మెల్సీ. 1972 నుంచి 78 దాకా శాసనమండలిలో ఉన్నారు. అంతకు ముందు ఏడాదే, 1971లో, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలో ప్రదర్శన ఇచ్చారు. మన ఊళ్లో బళ్లో పాఠం చెప్పిన మనిషి అక్కడిదాకా వెళ్లడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆంధ్రా యూనివర్సిటీ కళాప్రపూర్ణ 1977లో. అయినా మేష్టారూ, ఈ బిరుదుల లిస్టు మాత్రం చదవకండి. "ధ్వన్యనుకరణ సామ్రాట్" అని పలకడానికే సగం మంది పిల్లలకి నాలుక తిరగదు.

గోదారి_గట్టు:
మండలిలో లేచి నిలబడితే అధ్యక్షా అని ఎవరి గొంతుతో అనేవారో మరి!

మైక్‌సెట్_అబ్బాయి:
మా నాన్నది మైక్‌సెట్ల షాపు. గణపతి నవరాత్రులు, పెళ్లిళ్లు, సభలు అన్నింటికీ వైర్లు మోసినవాణ్ణి. ఒక సంగతి చెప్తా, మీ పిల్లలకి పనికొస్తుంది.

చాలామంది అనుకునేది గొంతు మార్చడమే మిమిక్రీ అని. సగం పని మైక్ దగ్గర జరుగుతుంది. గుర్రం దూరం నుంచి వస్తోందంటే మనిషి మైక్‌కి దూరంగా, కాస్త పక్కకి తిరిగి నాలుకతో టకటక మొదలుపెడతాడు. దగ్గరికొచ్చే కొద్దీ మొహం మైక్‌కి దగ్గరవుతుంది, చప్పుడు మందం అవుతుంది. దాటిపోయేటప్పుడు అవతలి పక్కకి తిరుగుతాడు. రైలు అయినా అంతే. అరచెయ్యి నోటికి అడ్డం పెడితే రేడియోలోంచి వచ్చినట్టు, కుండలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో మనకి తెలియకూడదు, తెలిస్తే గుర్రం ఆగిపోయినట్టే!

నేను ఆయన ప్రోగ్రాం ఒక్కసారే చూశాను, అప్పటికే పెద్ద వయసు. జనం ఆయన మొహం చూస్తున్నారు, నేను మాత్రం మైక్‌కీ ఆయన నోటికీ మధ్య ఖాళీ చూస్తూ కూర్చున్నా. జానెడు, బెత్తెడు, మళ్లీ మూరెడు. ఎకో బాక్సులు, బటన్లు ఏమీ లేని రోజుల నుంచి చేస్తూ వచ్చిన మనిషికి అది లెక్క. మా షాపుకొచ్చే కుర్ర ఆర్టిస్టులు ముందు "అన్నా, ఎకో పెంచు" అంటారు. అక్కడే తేడా.

లెక్కల_టీచరమ్మ:
మేష్టారూ, మీకో హెచ్చరిక, మా స్టాఫ్‌రూం నుంచి. మా పాత హెడ్మాస్టర్‌గారి దగ్గు, ఆ తర్వాత "ఆఁ... అదేంటంటే" అనే మాట నేను బ్రహ్మాండంగా చేసేదాన్ని. ఒకరోజు లంచ్‌లో చేస్తుంటే అందరూ నవ్వుతూ నవ్వుతూ హఠాత్తుగా డబ్బాల్లోకి తలలు వంచుకున్నారు. వెనక్కి తిరిగితే ఆయనే. ఏమీ అనలేదు. మర్నాడు నుంచి ఏడాది పొడుగునా నాకు ఆఖరి పీరియడ్ తొమ్మిదో తరగతి!

సర్వపిండి:
😂😂 మా వరంగల్‌లో చెప్పుకునే కథ దీనికి సరిగ్గా రివర్స్. వేణుమాధవ్ గారు కాలేజీలో ఉండగా ప్రిన్సిపాల్‌ గొంతునే చేసి చూపిస్తే, ఆ ప్రిన్సిపాల్ కోప్పడకుండా భుజం తట్టి ప్రోత్సహించారట. మీ హెడ్మాస్టర్‌కి ఆ బుద్ధి ఉండుంటే ఇవాళ మీరు న్యూయార్క్‌లో దగ్గుతూ ఉండేవారు.

లెక్కల_టీచరమ్మ:
అదే కదా నా బాధ. కానీ సీరియస్‌గా ఒక మాట. నేను చేసింది వెక్కిరింత, ఆయన చేసింది అది కాదు. నాగయ్య గారి గొంతు చేస్తే నాగయ్య గారి మీద ఇష్టం పెరిగేలా చేసేవారు. మనిషి లోపాన్ని పట్టుకుని సాగదీయడం తేలిక, నత్తి, ముక్కు, దగ్గు. ఇప్పుడు టీవీలో ఎక్కువ అదే. ఆ మనిషి మాటలో ఉన్న నడకని పట్టుకోవడం వేరే పని, దానికి చాలా వినాలి. రాధాకృష్ణన్ గారి ఉపన్యాసం చెయ్యాలంటే ముందు ఆ ఉపన్యాసం చెవిలో ఇంకేదాకా వినాలి కదా. తరగతిలో నేను పిల్లలతో చెప్పేది కూడా ఇదే, చెప్పేముందు విను అని. వాళ్లు వినరనుకోండి.

నైజాం_నవాబు:
ఒక అసమ్మతి రాయొచ్చా? నాగయ్య, నెహ్రూ, రాధాకృష్ణన్... వీళ్ల అసలు గొంతులే ఈ పిల్లలు వినలేదు. అసలు తెలియని వాడికి నకలు ఎంత బాగున్నా ఏం ఎక్కుతుంది? మిమిక్రీకి ఇదే శాపం. ఎవరిని అనుకరిస్తావో వాళ్లతోపాటే అదీ పాతబడుతుంది. మా అబ్బాయికి పాత వీడియో చూపిస్తే "ఈ అంకుల్ ఎవర్ని చేస్తున్నాడు?" అన్నాడు. నేను చెప్పాను, "ఓహో" అన్నాడు. అంతే.

మట్టెవాడ_మనవడు:
నిజం ఉంది మీ మాటలో. నేను నిన్న ఎనిమిదో తరగతిలో ప్రయోగం చేశాను. గొంతులున్న క్లిప్ పెడితే మీ అబ్బాయిలాగే చూశారు. గుర్రాలు, తుఫాను ఉన్నది పెట్టగానే వెనక బెంచీ లేచి ముందుకొచ్చింది. ఒకడైతే స్పీకర్ వెనక్కి వెళ్లి చూశాడు, సర్వపిండి గారి నానమ్మలాగా. మనుషుల గొంతులు పాతబడతాయి, గుర్రం పాతబడదు. ఇంక ఆ దారిలోనే వెళ్దామనుకుంటున్నా.

హరికిషన్_అభిమాని:
ఈ చర్చలో హరికిషన్ గారి పేరు రాకపోతే ఎలా? ఏలూరులో పుట్టి, కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పి, తర్వాత పూర్తిగా స్టేజీకే వచ్చేశారు. వేణుమాధవ్ గారిని గురువుగా చెప్పుకునేవారు. 2020 మేలో పోయారు, లాక్‌డౌన్ రోజులు. రోజూ వేల మందిని నవ్వించిన మనిషిని పదిమంది కూడా సరిగ్గా సాగనంపలేని కాలం. అది తలుచుకుంటే ఇప్పటికీ ఎలాగో ఉంటుంది.

ఇంకోటి. మిమిక్రీ అంటే పెళ్లిలో భోజనాల ముందు టైంపాస్ అనుకునే రోజుల్లో, దానికో సిలబస్, ఓ డిప్లొమా ఉండాలని పట్టుబట్టింది వేణుమాధవ్ గారే. పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయంలో ఆ కోర్సు వచ్చింది. హరికిషన్ గారు అందులో పాఠాలు చెప్పారు. మీ పంతులు కోణం అంటే నాకైతే అదే. తనకొచ్చిన విద్య తనతో పోకుండా చూసుకోవడం.

రేడియో_పిచ్చోడు:
కరెక్ట్. చాలామంది కళాకారులు కిటుకు చెప్పరు. ఆయన "మిమిక్రీ కళ" అని పుస్తకమే రాసి పెట్టారు.

డల్లాస్_ఓరుగల్లు:
2018లో ఆ రోజు మాకు రాత్రి. వాట్సాప్‌లో అన్నయ్య మెసేజ్ పెట్టాడు, "నేరెళ్ల పోయిండు". నిద్ర పట్టక యూట్యూబ్ తెరిచాను. ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటూ పోయా. నెహ్రూ వచ్చారు, నాగయ్య వచ్చారు, ఇంకా ఎవరెవరో వచ్చారు. రెండు గంటల తర్వాత తట్టింది, ఇంతకీ ఆయన సొంత గొంతు ఎట్లుంటది? నాకు గుర్తు రాలేదు. చిన్నప్పుడు ఎన్నోసార్లు విన్నా.

సర్వపిండి:
ఐటమ్‌కీ ఐటమ్‌కీ మధ్య ఉంటుంది అన్నా. ఇప్పుడు ఫలానా వారు అని పరిచయం చేసేటప్పుడు. క్లాసులో మన తెలుగు సార్ పద్యం మొదలుపెట్టే ముందు "ఆఁ, వినండి" అనేవారే, అట్లాంటి గొంతు. మళ్లీ విను, ఈసారి గొంతులు వదిలేసి ఆ ముక్కలే విను.

డల్లాస్_ఓరుగల్లు:
విన్నా. థ్యాంక్స్ చెల్లీ. ఇంకేం రాయలేను ఇప్పుడు.

కాజీపేట_జంక్షన్:
మేష్టారూ, వీలైతే పిల్లల్ని ఒకసారి హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌కి తీసుకెళ్లండి. అక్కడ ఆయన పేరు మీదే కళాప్రాంగణం ఉంది. స్టేజీ ఎక్కి ఒక్కొక్కడు ఒక కూత కూస్తే చాలు. మాది రైల్వే కాలనీ, నాకైతే రైలు తప్ప ఏదీ రాదు. స్టీమ్ ఇంజన్, డీజిల్, ఎలక్ట్రిక్ మూడూ వేరువేరుగా చేస్తా. ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు ఇంతవరకు.

మైక్‌సెట్_అబ్బాయి:
మీ గార్డెన్ ట్రిప్ ఖాయమైతే చెప్పండి మేష్టారూ. మైక్ నేను తెస్తా, కిరాయి వద్దు. ఎకో మాత్రం పెట్టను.

మట్టెవాడ_మనవడు:
అందరికీ దండాలు. ప్లాన్ ఇదీ. బిరుదులు ఒక్క ముక్కలో కానిచ్చేస్తా. తర్వాత నానమ్మ కథ. తర్వాత మైక్ దగ్గర జానెడు, బెత్తెడు లెక్క. ఆ తర్వాత ఎనిమిదో తరగతి వాడొకడు ఉన్నాడు, చదువులో వెనక, టకటక గుర్రం మాత్రం నాలుగు రోజుల్లో పట్టేశాడు. గ్రౌండ్ చివర నుంచి ఆ చివరిదాకా గుర్రాన్ని పరిగెత్తిస్తాడు. ఆఖర్న మా హెడ్మాస్టర్ గొంతు కూడా చేస్తానంటున్నాడు, చాలా బాగా వచ్చింది కూడా. ఒప్పుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నా.

లెక్కల_టీచరమ్మ:
ముందు మీ టైంటేబుల్‌లో ఆఖరి పీరియడ్ ఎవరిదో చూసుకోండి.