ఊకా కాస్తా ఆస్ట్రూకా ఎప్పుడయింది?

ప్రశ్న: కోరింగ మడ అడవి బురదలో ఒక డెక్క పెద్దగా ఉండే బుల్లి పీతల ఫొటోలు తీశాను. పాత పుస్తకంలో ఊకా ఆనులిపెస్ అనుంది, నెట్‌లోనేమో ఆస్ట్రూకా అంటున్నారు. రెండూ ఒకటేనా?

జవాబు 1: ఒకటేనండీ. 2016లో ఊకా ప్రజాతిని (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) విడగొట్టి, అప్పటిదాకా ఉపప్రజాతులుగా ఉన్నవాటిని ప్రజాతులు చేసేశారు, దాంతో మనవైపు పీతలేవీ ఊకాలో మిగల్లేదు. పేరు పక్కన మిల్న్ ఎడ్వర్డ్స్, 1837 అని బ్రాకెట్లో కనిపిస్తే కంగారు పడకండి, ఆయన పేరు పెట్టినప్పుడు ప్రజాతి వేరు (జెలాసిమస్) అని దానర్థం.

జవాబు 2: పేరు సరే, అసలు అది ఆనులిపెస్సేనా? రంగు చూసి చెప్పకు బ్రో, అది మారుతుంటుంది, నిల్వ చేయడానికి స్పిరిట్‌లో వేస్తే పోతుంది. మగపీత పొట్ట కింది మూత ఎత్తి, గోనోపాడ్ (మగపీత సంభోగ అవయవం) కొన మైక్రోస్కోప్‌లో చూడాల్సిందే.

ప్రశ్న: ఆడపీతయితే?

జవాబు 2: అదే తలనొప్పి. పక్కనున్న మగదాన్ని కూడా ఫొటో తీయి.