ఈ వారం సమస్య: పండ్ల వలనఁ గొండ బండి యెక్కె

మల్లేశ్వరం మాస్టారు (నిర్వహణ):
బెంగళూరులో ఎండలు ముదిరాయి. మన సభ్యుల్లో సగం మంది ఊటీలోనో కూనూరులోనో ఉన్నారు. మిగతా సగం వాళ్ళ ఫోటోలు చూసి కుళ్ళుకుంటున్నారు. అందుకని ఈసారి సమస్యను కూడా కొండ ఎక్కిస్తున్నాను.

*పండ్ల వలనఁ గొండ బండి యెక్కె*

ఇది ఆటవెలది నాలుగో పాదం. పై మూడు పాదాలూ మీవి. షరతు ఒక్కటే: నీలగిరులకు విహారం వెళ్ళిన ఆలుమగలు పద్యంలో ఎక్కడో ఒకచోట కనబడాలి. పండ్లు తినేవా, నోట్లో ఉండేవా? బండి తానే కొండ ఎక్కిందా, బండిని ఇంకెవరైనా ఎక్కారా? అదంతా మీ ఇష్టం. కొండనూ బండినీ విడదీసుకోండి, కలిపేసుకోండి. నాలుగో పాదంలో ‘పం–బం’ యతి సరిగ్గా కుదిరింది, దాని జోలికి మాత్రం పోకండి.

వైట్‌ఫీల్డ్ అల్లుడు:
మాస్టారూ, పద్యం రాయడం ఇదే మొదలు. కొంచెం టెన్షన్‌గా ఉంది. పెళ్ళయ్యాక మా మొదటి ట్రిప్ ఊటీకే. మైసూరు, బందీపూర్ దాటి మసినగుడి మీదుగా కారులో వెళ్ళాం. పద్యంలో ఉన్నదంతా జరిగినదే.

*ముప్పదాఱు మలుపు మూలలఁ దిరుగఁగ*
*కారు మొండికేసె, కడుపు తిరిగె*
*మొదటి గేరు వేసి మగఁడు పండ్లు కొఱుక*
*పండ్ల వలనఁ గొండ బండి యెక్కె*

మల్లేశ్వరం మాస్టారు:
మొదటి పద్యమంటే నమ్మబుద్ధి కావడం లేదు బాబూ. కల్హట్టి ఘాట్‌లో నిజంగానే 36 హెయిర్‌పిన్ మలుపులు, కాబట్టి మొదటి పాదానికి ఢోకా లేదు. ‘కారు మొండికేసె, కడుపు తిరిగె’ చదవగానే పక్క సీట్లో ఎవరున్నారో తెలిసిపోతుంది. అయితే మూడో పాదంలో యతి తప్పింది. ‘మొదటి’లోని మొ-కు ‘మగఁడు’లోని మ చెల్లదు.

జయనగరం బామ్మ:
నాయనా, మీ ఆవిడ నిన్ను మగడు అంటుందా? ఇంట్లో ఏమంటుందో అదే వెయ్యి. ‘మొగుఁడు పండ్లు కొఱుక.’ యతి దానంతట అదే వచ్చి కూర్చుంటుంది.

మల్లేశ్వరం మాస్టారు:
భేష్ అమ్మా. గణం కూడా చెడదు. మగఁడుపం, మొగుఁడుపం రెండూ నగమే.

వైట్‌ఫీల్డ్ అల్లుడు:
మార్చేశాను బామ్మగారూ. ఇంట్లో చదివి వినిపిస్తే ‘నువ్వు పళ్ళు కొరికావు, భయపడింది నేను’ అంది. ఇంకో మాట మాస్టారూ. గేరుబాక్సులో చక్రాలకు కూడా పళ్ళే కదా! ఆ అర్థం కూడా పడుతుందని ఆ మాట వేశాను.

హెబ్బాళ్ ఇంజనీరు:
పడుతుంది తమ్ముడూ. దిగేటప్పుడు కూడా ఆ పళ్ళనే నమ్ముకోవాలి. వాలులో న్యూట్రల్‌లో వేసి బ్రేకు మీద కాలుపెట్టి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఎక్కిన గేరులోనే దిగమని పాత డ్రైవర్లు ఊరికే చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో చీకటి పడకముందే బయలుదేరండి. బందీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు.

సరే, నా పూరణ ఇది. మేము రాత్రి రైల్లో కోయంబత్తూరు వెళ్ళి, మేట్టుపాళయంలో పొద్దున్నే చిన్న రైలు ఎక్కాం.

*రైలు బాట నడుమ రంపపుఁ బండ్లుండ*
*పంటి చక్ర మొకటి పట్టి కఱచి*
*వెనుక నుండి నెట్ట వేడి యావిరి శక్తి*
*పండ్ల వలనఁ గొండ బండి యెక్కె*

మారతహళ్ళి కోడలు:
అన్నగారూ, పద్యం బాగుంది కానీ నాకు బొమ్మ కట్టడం లేదు. పట్టాల మధ్య రంపం ఏమిటి?

హెబ్బాళ్ ఇంజనీరు:
మామూలు రైలుచక్రం నున్నటి పట్టా మీద రాపిడితోనే నడుస్తుందమ్మా. ఏటవాలు మరీ ఎక్కువైతే చక్రం తిరుగుతుంది, బండి మాత్రం జారిపోతుంది. నీలగిరి రైలుదారిలో 12 అడుగులు ముందుకెళ్తే 1 అడుగు పైకి లేచే చోట్లున్నాయి. అందుకని పట్టాల మధ్యలో పళ్ళున్న ఇనుప కడ్డీలు పరిచారు. ఇంజను కింద ఉన్న పళ్ళచక్రం వాటిని పట్టుకుని పాకుతుంది. కడ్డీలు పక్కపక్కనే రెండుంటాయి. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదానికి సందు వచ్చేలా బిగిస్తారు. చక్రం ఒక పన్నును వదిలేలోగా ఇంకోదాన్ని పట్టేసుకుంటుంది, కాబట్టి కుదుపు తక్కువ. రోమన్ ఆబ్ట్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు పద్ధతి అది.

ఇంజను ముందుండి లాగదు. పైకి వెళ్ళేటప్పుడు వెనకనుంచి నెడుతుంది. ప్రతి పెట్టె ముందు వసారాలో ఒక మనిషి జెండా పట్టుకుని నిలబడి, తన పెట్టె బ్రేకు తనే వేస్తాడు. మా ఆవిడ కిటికీలోంచి అడవిని చూస్తుంటే నేను ఆ బ్రేకాయననే చూస్తూ కూర్చున్నాను. ‘ఇంత దూరం వచ్చి ఈయన్ని చూస్తారేంటండీ’ అని దారంతా సాధించింది.

మల్లేశ్వరం మాస్టారు:
ఈ వివరణలో ఉన్న కవిత్వం మీ పద్యంలో లేదు ఇంజనీరుగారూ, ఏమీ అనుకోకండి. పద్యంలో రెండు చిక్కులున్నాయి.

మొదటిది వ్యాకరణం. ‘కఱచి’ అన్నారంటే కఱచినదీ ఎక్కినదీ ఒకటే కావాలి. మీ పద్యంలో కఱచింది చక్రం, ఎక్కింది బండి. ‘పట్టి కఱవ’ అనండి. మూడు లఘువులు మూడు లఘువులుగానే ఉంటాయి, అన్వయం కుదురుతుంది.

రెండోది పెద్దది. మొదటి పాదంలో పండ్లు, రెండో పాదంలో పన్ను, నాలుగులో మళ్ళీ పండ్లు. ముడి వేయకముందే విప్పేశారు. చదివేవాడు నాలుగో పాదానికి వచ్చేసరికి ‘ఇందాకే చెప్పారుగా’ అంటాడు. సమస్యలో ఉన్న మాటను చివరిదాకా దాచుకోగలిగితేనే పూరణకు రుచి. పైగా ఆలుమగలేరీ? మిమ్మల్ని సాధించినావిడను కూడా బండి ఎక్కించకుండా వదిలేశారు!

హెబ్బాళ్ ఇంజనీరు:
‘కఱవ’ తీసుకున్నాను. రెండోదానికి నా దగ్గర మందు లేదు. ఆవిరి ఇంజను తప్ప నాకు ఇంకేమీ కనబడలేదు.

మారతహళ్ళి కోడలు:
నా పద్యంలో ఆలుమగలే ఉన్నారు మాస్టారూ. ఆయన కారులో పోదామన్నారు. నాకు రైలే కావాలి. తీరా రైలు టికెట్లు దొరికాక, పొద్దున్నే నిద్ర లేపారని నేనే అలిగాను.

*అలిగి కూరుచున్న యాలికిఁ బతి యిచ్చె*
*కమల తొనలు వలిచి కరముఁ బట్టి*
*కోప మంత వీడి కోమలాంగియె లేచి*
*పండ్ల వలనఁ గొండబండి యెక్కె*

మల్లేశ్వరం మాస్టారు:
కొండబండిని ఒకే మాట చేసి, ఎక్కడాన్ని ఇల్లాలికి అప్పగించారు. చక్కటి విరుపు. రెండో పాదంలో తొనలు వలుస్తున్న మగడు కళ్ళకు కట్టాడు. మూడో పాదం మాత్రం అరువు సొమ్ము. అలిగి కూర్చున్నావిడ ఉన్నట్టుండి కోమలాంగి ఎలా అయింది? యతి కోసం పట్టుకొచ్చిన మాట.

జయనగరం బామ్మ:
‘కోప మంత వీడి కొంగు దోపుక లేచి’ అను తల్లీ. మనిషి కదిలినట్టుంటుంది.

మారతహళ్ళి కోడలు:
నేను జీన్స్ వేసుకున్నాను బామ్మగారూ. పైన ఉన్ని టోపీ.

జయనగరం బామ్మ:
పద్యంలో చీర కట్టుకో. ఫోటో ఎవరూ అడగరు.

మల్లేశ్వరం మాస్టారు:
బామ్మగారి సవరణకే నా ఓటు. అన్నట్టు, ఏటా మే నెలలో కూనూరు సిమ్స్ పార్కులో పండ్ల ప్రదర్శన పెడతారు. పండ్లతోనే పెద్ద పెద్ద బొమ్మలు కడతారు. ఆ పండ్ల కోసం కొండబండి ఎక్కిన జంట ఇంకా ఒక్క పద్యంలోనూ రాలేదు. ఎవరైనా ప్రయత్నించండి.

బనశంకరి బాబాయి:
ప్రదర్శన దాకా ఎందుకు మాస్టారూ, మా పండ్లు హిల్‌గ్రోవ్ స్టేషన్ దాటలేదు. అక్కడ ఇంజను నీళ్ళు పట్టుకోవడానికి ఆగుతుంది. అందరూ టీకి దిగుతారు. కోతులు ఆ సమయం కోసమే కాచుకుని ఉంటాయి.

*నీరు పట్టుకొనఁగ నిలిచినంతనె రైలు*
*చూపు మరలినంతఁ జొరవ చేసి*
*చంక సంచి చూచి చటుకున నొక కోతి*
*పండ్ల వలనఁ గొండబండి యెక్కె*

వైట్‌ఫీల్డ్ అల్లుడు:
బాబాయ్, సూపర్! నేను కారు అనుకుంటే, కోడలుగారు తానే ఎక్కితే, మీరు కోతిని ఎక్కించారు.

మల్లేశ్వరం మాస్టారు:
ధార అంటే ఇది. ఎక్కడా తడుముకోలేదు. ‘చటుకున నొక కోతి’ దగ్గర గణాలే గెంతాయి. వేలు పెట్టడానికి చోటు లేదు, ఒక్క షరతు దగ్గర తప్ప. బాబాయిగారూ, కోతి ఉంది, సంచి ఉంది, పిన్నిగారేరీ?

బనశంకరి బాబాయి:
సంచి ఆవిడదే. చంక కూడా ఆవిడదే.

మల్లేశ్వరం మాస్టారు:
అది మీకు తెలుసు, చదివేవాడికెలా తెలుస్తుంది? ‘చంక’ తీసి ‘చాన’ పెట్టండి. ‘చాన సంచి చూచి.’ యతి అలాగే ఉంటుంది, ఇల్లాలూ వచ్చేస్తుంది.

బనశంకరి బాబాయి:
పద్యానికి మంచిదే. ఇంట్లో మాత్రం ఆ పాదం చదవను. పద్దెనిమిదో శతాబ్దం మాటతో పిలిస్తే రాత్రికి ఉప్మాయే.

జయనగరం బామ్మ:
నాకు ప్రకృతి వర్ణన రాదు. జరిగింది రాస్తాను. మన గోష్ఠిలో పిల్లలంతా మా వారిని తాతా అంటారు కాబట్టి పద్యంలోనూ తాతే.

*ఊటి గదిని రాత్రి యొక గాజు గిన్నెలోఁ*
*బెట్టి మఱచి తాత వెళ్ళె దిగువ*
*కొఱుక వడల నీయఁ గూనూరులో బామ్మ*
*పండ్ల వలనఁ గొండబండి యెక్కె*

మారతహళ్ళి కోడలు:
అయ్యో, కట్టుడు పళ్ళా! నాకు రెండోసారి చదివాక వెలిగింది. ఆఫీసులో ఒక్కదాన్నే నవ్వుతున్నాను.

హెబ్బాళ్ ఇంజనీరు:
పద్యం బ్రహ్మాండం బామ్మగారూ. కానీ మాస్టారు నన్ను పట్టుకున్న చోటే మిమ్మల్నీ పట్టుకోవాలి. బండి ఎక్కిందెవరు? తాత రెండో పాదంలోనే ‘వెళ్ళె’తో అయిపోయాడు. నాలుగో పాదానికి దగ్గర్లో ఉన్నది బామ్మ. పళ్ళు తాతవి కాబట్టి ఆయనే ఎక్కాలి. ‘ఎక్కె’ వెళ్ళి బామ్మకు తగులుకుంది. అన్వయదోషం కాదా మాస్టారూ?

జయనగరం బామ్మ:
దోషమెక్కడిది నాయనా? ఎక్కింది నేనే. ‘నాకు మోకాళ్ళ నొప్పులు, నువ్వే తెచ్చిపెట్టు’ అని ఆయన స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నారు. నేను మళ్ళీ పైరైలు ఎక్కి, లాడ్జి కుర్రాణ్ణి బతిమాలి గది తెరిపించాను. దుప్పట్లు మార్చేశారు. గిన్నె మాత్రం కిటికీ దగ్గర పెట్టినచోటే ఉంది. చేతిరుమాల్లో చుట్టి కిందికి తెచ్చేసరికి, మెత్తటి వైపు చూసుకుని నాలుగు వడలూ ఆయనే తినేశారు.

బనశంకరి బాబాయి:
తాతగారికి నా సాష్టాంగం.

వైట్‌ఫీల్డ్ అల్లుడు:
నాది కూడా. మా ఆవిడ మాత్రం బామ్మగారికి పెడుతోంది.

మల్లేశ్వరం మాస్టారు:
ఇంజనీరుగారి ప్రశ్న సబబే. బామ్మగారి జవాబు ఇంకా సబబు. పద్యంలో అన్వయం చక్కగా ఉంది, మనమే ఆయన ఎక్కి ఉంటాడనుకున్నాం. మూడు పాదాలు గడిచినా దంతాల ఊసే లేదు. గిన్నెలో ఏం పెట్టాడో చెప్పకుండా, కొరకడానికి వడ ఇచ్చి ఊరుకున్నారు. ఇందాక నేను దాచమన్నది ఇదే.

ఇంకొక విషయం ఉంది. ఇంజనీరుగారూ, మీ పళ్ళ కడ్డీలు ఊటీ దాకా ఉన్నాయా?

హెబ్బాళ్ ఇంజనీరు:
లేవు మాస్టారూ. కల్లారులో మొదలై కూనూరులో అయిపోతాయి. ఆ పైన వాలు తక్కువ. ఆవిరి ఇంజను అక్కడితో తప్పుకుంటుంది, డీజిల్ ఇంజను తగిలిస్తారు. అక్కణ్ణుంచి మామూలు పట్టాలే. అసలు దారి కూడా రెండు విడతల్లో వేశారు. కూనూరు దాకా 1899లో, ఊటీకి 1908లో. మొత్తం 46 కిలోమీటర్లు, ఎక్కడానికి దాదాపు 5 గంటలు. 2005లో యునెస్కో జాబితాకెక్కింది.

మల్లేశ్వరం మాస్టారు:
విన్నారుగా! కూనూరు నుంచి ఊటీకి వెళ్ళే బండికి పళ్ళతో పని లేదు. ఆ దారిలో ‘పండ్ల వలన’ అనడానికి మిగిలిన పళ్ళు తాతగారివే. బామ్మగారు ఇది తెలిసి రాశారో లేదో నేను అడగను.

ఈ వారం మొదటి స్థానం బామ్మగారికి. రెండోది బాబాయిగారి కోతికి, ‘చాన’ సవరణతోనే సుమా. అల్లుడిగారి పద్యం మొగుడు వచ్చాక నిలబడింది. కోడలుగారిది కొంగు దోపుకుంటే ఇంకా బాగుంటుంది, ఆ నిర్ణయం ఆవిడకే వదిలేస్తున్నాను. ఇంజనీరుగారు తన పద్యాన్ని పక్కన పెట్టి, ఆ బ్రేకు వేసే మనిషి మీద ఒక సీసం రాయాలని నా కోరిక.

వచ్చే వారానికి కందం నాలుగో పాదం. ప్రాస లకారం.

*చలి మంటను గోరి వచ్చెఁ జైత్రములోనన్*

బనశంకరి బాబాయి:
మాస్టారూ, ఇది మరీ సులువు. ఊటీ అంటే చాలు, సమస్య తీరిపోయింది.

మల్లేశ్వరం మాస్టారు:
అందుకే ఊటీ నిషేధం. కూనూరు, కోటగిరి, దొడ్డబెట్ట కూడా. బెంగళూరులోనే చలి పుట్టించండి.

హెబ్బాళ్ ఇంజనీరు:
మా ఆఫీసు ఏసీ పనికొస్తుందా?