పనుల్లేకున్నా గల్ఫ్ నుంచి ఎందుకు వాపస్ రారు? వచ్చేముందు ఏం చూసుకోవాలె?

మెట్‌పల్లి_పోరడు:
2008-09లో దుబాయ్‌ల బిల్డింగ్ పనులు ఆగినయి. 2014 తర్వాత చమురు ధర పడి సౌదీ కంపెనీలు నెలల తరబడి జీతాలు ఆపినయి. రెండుసార్లూ జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఊళ్ళకు ఊళ్ళు వాపస్ వస్తయనుకున్నరు. అనుకున్నంత మంది రాలె, కంపెనీ లేబర్ క్యాంపులల్లనే కూసున్నరు. జీతమే లేనప్పుడు ఉండి ఏం లాభం? రేపు కంపెనీ మనుషుల్ని తగ్గిస్తే ఉండాల్నా, రావాల్నా? ఏ లెక్క మీద తేల్చుకోవాలె?

లెక్కల_పంతులు:
జీతం కన్నా ముందు అప్పు చూడాలి. వీసాకు లక్షన్నర, నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 3,000 మిత్తికే పోతుంది. వాపస్ వస్తే అప్పు ఉంటుంది, తీర్చే దారి ఉండదు. మళ్ళీ పోదామంటే మళ్ళీ ఖర్చు. చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. బయట ఎంత గుంజుతారో మీ ఊళ్ళో అడిగితే చెప్తారు.

తలుపు మూసుకుంటుందన్న భయం ఉన్నచోట మనిషి కదలడు. 1973లో జర్మనీ కొత్తగా విదేశీ కార్మికుల్ని తీసుకోవడం ఆపేసింది. ఉన్న తుర్కీ కార్మికుల్లో చాలామంది, పోతే మళ్ళీ రానివ్వరని, పెళ్ళాం పిల్లల్నే అక్కడికి తెచ్చుకున్నారు. గల్ఫ్‌లో మామూలు లేబర్‌కు ఆ వీలు లేదు కాబట్టి క్యాంపులో కూర్చుంటాడు.

తిరిగి పోయినా పాత జీతమే వస్తుందని లేదు. 2020 సెప్టెంబర్‌లో మన కేంద్ర ప్రభుత్వమే గల్ఫ్ కనీస రిఫరల్ వేతనాలను (ఇంతకు తక్కువ జీతానికి మనవాళ్ళను పంపొద్దని పెట్టే హద్దు) 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో పిల్ పడ్డాక, 2021 జూలైలో వెనక్కి తీసుకుంది.

షార్జా_షిఫ్ట్:
యూఏఈ సంగతి చెప్తా. "రాజీనామా ఇచ్చెయ్, పైసలు తొందరగా వస్తయ్" అని ఆఫీసులో అంటే వినొద్దు. కంపెనీ తీసేసినట్టు కాగితం ఉంటేనే నిరుద్యోగ బీమా వస్తుంది. 2023 నుంచి ఈ బీమా తప్పనిసరి. బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) 16,000 దిర్హమ్‌ల లోపు ఉంటే ప్రీమియం నెలకు 5 దిర్హమ్‌లే. వరసగా 12 నెలలు కట్టి ఉండాలి, పని పోయిన 30 రోజుల్లో క్లెయిమ్ పెట్టాలి. వచ్చేది బేసిక్‌లో 60 శాతం, గరిష్ఠంగా 3 నెలలు. బేసిక్ 900 అయితే నెలకు 540. దేశం దాటితే ఆగిపోతుంది. కాబట్టి ఆ 540 కోసం రూము కిరాయి, తిండి పెట్టుకుని ఆగడం దండగ, కొత్త పని దొరికే ఆశ ఉంటే తప్ప.

గ్రాట్యుటీలో, అంటే పని వదిలేటప్పుడు సర్వీసును బట్టి వచ్చే డబ్బులో, మనవాళ్ళు మోసపోయేది బేసిక్ దగ్గరే. చేతికొచ్చేది 1,500 అయినా, కాంట్రాక్టులో బేసిక్ 900 ఉంటే లెక్క 900 మీదే. మొదటి 5 ఏళ్ళకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన 30 రోజులది. 6 ఏళ్ళు చేస్తే 630 చొప్పున 3,150, దానికి 900 కలిపి 4,050. 1,500 మీద లెక్కేసుకుని 6,750 వస్తుందని అప్పులోళ్ళకు మాటిచ్చేస్తారు!

రియాద్_ఫోర్‌మన్:
సౌదీలో రాజీనామా ఇంకా ఖరీదు. అక్కడ గ్రాట్యుటీ మొదటి 5 ఏళ్ళకు ఏడాదికి సగం నెల జీతం, తర్వాత నెల జీతం. జీతం 1,200 రియాళ్ళు, సర్వీసు 6 ఏళ్ళు అయితే 4,200. అదే తనంతట తాను మానేస్తే మూడింట రెండు వంతులు, అంటే 2,800. రెండేళ్ళు నిండకుండా మానేస్తే సున్నా.

అయితే జీతాలే ఇవ్వని కంపెనీని కార్మిక చట్టం 81వ నిబంధన కింద వదిలేస్తే హక్కులు పోవు. వరసగా 3 నెలలు జీతం పడకపోతే ఖఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఒప్పుకోకున్నా వేరే కంపెనీకి మారొచ్చు. వాపస్ రావడానికి ముందు అది ప్రయత్నించండి. చెప్పకుండా క్యాంపు వదిలి ఖల్లివెల్లి అయితే హురూబ్ (పారిపోయాడన్న ఫిర్యాదు) పడుతుంది, అప్పుడు కంపెనీ మారడమూ, దేశం వదిలే ఎగ్జిట్ వీసా దొరకడమూ కష్టమే.

మెట్‌పల్లి_పోరడు:
అన్నా, వీసా క్యాన్సిలేషన్ ఫారం మీద సంతకం పెట్టకుంటే టికెట్ ఇయ్యమని బెదిరిస్తరు కదా?

షార్జా_షిఫ్ట్:
తమ్మీ, కంపెనీ తీసేస్తే టికెట్ ఖర్చు కంపెనీదే, నీ తప్పు మీద తీసేస్తేనో, వేరే కంపెనీలో చేరితేనో తప్ప. ఆ ఫారంలో "నాకు రావాల్సినవన్నీ ముట్టినయి" అని ఉంటుంది. డబ్బు ఖాతాలో పడ్డాకే సంతకం. పడకపోతే ముందు లేబర్ మినిస్ట్రీలో ఫిర్యాదు నమోదు చేయాలి. గ్రేస్ (వీసా క్యాన్సిల్ అయ్యాక ఉండనిచ్చే గడువు) ఎప్పటిదాకో చూసుకో, దాటితే రోజుకు 50 దిర్హమ్‌ల ఫైన్.

రియాద్_ఫోర్‌మన్:
సౌదీలో బకాయి ఉంటే విమానం ఎక్కేముందే లేబర్ ఆఫీసులో కేసు వేయాలి. పని మానేసిన 12 నెలలు దాటితే కేసు తీసుకోరు. 2016లో తిండి లేక జెద్దా క్యాంపుల నుంచి వచ్చేసినవాళ్ళు బకాయిల కోసం ఏళ్ళు ఎదురుచూశారు. మన తరఫున కేసు చూసుకునే అధికార పత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) ఎంబసీకి గానీ నమ్మకమైన మనిషికి గానీ రాసిచ్చి రావాలి. కాంట్రాక్టు, అకామా (అక్కడ ఉండే పర్మిట్ కార్డు), జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ ఫోటోలు తీసి ఇంటికి పంపండి. అక్కడి సిమ్ ఆగిపోతే బ్యాంకు యాప్ తెరుచుకోదు, స్టేట్‌మెంట్ మళ్ళీ దొరకడం కష్టం.