అప్‌డేట్: రూం దొరికింది, పలమనేరు బస్సు ఎక్కలేదు

పోయిన వారం అడిగాను కదా, తిరుపతిలో ఎం.ఎస్సీ.లో చేరాను, హాస్టల్ రూం ఇవ్వలేదు, తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు, పలమనేరులో మా ఇంటికి వెళ్లిపోనా అని. వెళ్లలేదు.

టీసీ, మార్కుల లిస్టులు ఇచ్చేసేముందు ఐదారు సెట్లు జిరాక్స్ తీయించుకోమని ఒక అక్క చెప్పారు. అదే కాపాడింది. హాస్టల్ ఆఫీసులో నా దరఖాస్తు ఎక్కడో పోయిందట! అక్కడే ఇంకో సెట్టు ఇచ్చాను. నాలుగో రోజుకు రూం వచ్చింది. ముగ్గురం, ఫ్యాన్ ఒక్కటే. దాని కింద మంచం ఎవరిదో ఇంకా తేలలేదు.

మెస్సు సాంబారు గురించి మాట్లాడను. అమ్మ కట్టిచ్చిన చెనక్కాయల పొడి మాత్రం మూడు రోజుల్లో ఖాళీ. నిజానికి దాంతోనే స్నేహం కుదిరింది. "ఏమబ్బా, ఇంకొంచెం ఉందా?" అని పక్క రూం వాళ్లు కూడా వచ్చారు.

ఆదివారం నలుగురం కలిసి అలిపిరి నుంచి కొండకు నడిచాం. 3,550 మెట్లు. గాలిగోపురం దగ్గరికే నా పని అయిపోయింది. సోమవారం ల్యాబులో నలుగురమూ కుంటుతూనే నిలబడ్డాం.

రాత్రిళ్లు ఇల్లు ఇంకా గుర్తొస్తోంది. దసరాకు వెళ్తాను, పొడి డబ్బా పెద్దది తెచ్చుకోవాలి.